అష్టిమ్కీ పాట కోసం దాంగ్ వెళ్ళొచ్చాను: ఒక్క రాత్రి రికార్డింగ్, ఏడాదిన్నర పని

2023 కృష్ణాష్టమి నాడు అమ్మ వీధి గుమ్మం నుంచి దేవుడి గది దాకా బియ్యప్పిండితో చిన్ని పాదాలు వేసింది. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య పాలపాకెట్లు ఇవ్వడానికి పైకొచ్చింది. పాదాలు తొక్కకుండా గోడవారగా నడుస్తూ, "మీరు పాదాలే వేస్తారా అమ్మా? మేమైతే కథంతా గోడ మీద వేస్తాం" అంది. వాళ్ళది నేపాల్‌లోని దాంగ్ లోయ. థారూ అనే జనజాతిలో దంగౌరా శాఖ వాళ్ళు. కృష్ణాష్టమిని వాళ్ళు అష్టిమ్కీ అంటారు. ఆవిడకూ ఆ రోజు ఉపవాసమే. బొమ్మ ముందు కూర్చుని రాత్రంతా పాడతామని, తెల్లారాక దీపాలు పట్టుకుని ఏటికి పోతామని చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయింది. పుట్టింటి గడప తొక్కి నాలుగేళ్ళయిందట.

నేను వరంగల్‌లోని తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠంలో చదువుకున్నాను. ఇప్పుడు ఇంటర్ పిల్లలకు తెలుగు చెప్తున్నాను. చేర్యాల పటం విప్పి కథ చెప్పేవాళ్ళ వెంట కొన్నాళ్ళు తిరిగాను కాబట్టి బొమ్మకూ పాటకూ ఉన్న చుట్టరికం కొంత తెలుసు. ఆ సాయంత్రం నుంచి ఈ పాట నా చెవిలో దూరింది. ఏ సంస్థ అండా లేకుండా నాలా సొంతంగా వెళ్ళి నేపాల్ జనజాతుల పాటలో కథలో రికార్డు చేయాలనుకునేవాళ్ళు ఇంకా ఉంటారు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు పెద్ద చోట అడగాలనుకున్నాను. అక్టోబర్‌లో ఒక పరిశోధనా సంస్థకు మెయిల్ పెట్టాను. ఆరు వారాలు ఎదురుచూసి మళ్ళీ పెట్టాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. డిసెంబర్‌లో ఆ మాట చెప్తే వాచ్‌మన్ భార్య ఆశ్చర్యపోయింది. ఆవిణ్ణి నేను దీదీ అంటాను, ఇక్కడా అలాగే రాస్తాను. "పాట మా ఊళ్ళో ఉంటే ఎవర్నో అడుగుతారేంటి? మాఘీలో మా వాళ్ళనే అడుగుదాం" అంది.

మాఘీ అంటే వాళ్ళ క్యాలెండర్లో మాఘ మాసం ఒకటో తేదీ, మన సంక్రాంతి రోజులే. థారూలకు అదే కొత్త సంవత్సరం. పండగ అయ్యాక ఊరంతా కూర్చుని ఖోజ్నీ బోజ్నీ అనే సమావేశం పెట్టుకుంటారు. ఏడాదికి ఊరి పెద్దను ఎన్నుకోవడం, కాలవల పనులు పంచుకోవడం, తగువులు తీర్చుకోవడం అన్నీ అక్కడే. ఆ పెద్దను దాంగ్‌లో మటావా అంటారు. బర్దియా వైపు వెళ్తే బర్ఘర్, కైలాలీ వైపు భలమన్సా. వాళ్ళ గురించి రాసేటప్పుడు ఏ జిల్లావాళ్ళకు ఆ జిల్లా మాటే వాడాలి, లేకపోతే నొచ్చుకుంటారు.

2024 జనవరి చివర్లో దీదీ తమ్ముడు ఫోన్ చేశాడు. మటావా సరేనన్నాడు కానీ, పాడేది ఆడవాళ్ళు కనుక మాట వాళ్ళదే అన్నాడట. ఆడవాళ్ళు మూడు షరతులు పెట్టారు. మాతో కూర్చోవాలంటే మాతో పాటు ఉపవాసం ఉండాలి. పాట కాపీ అందరికీ ఇవ్వాలి. ఏదైనా తీసెయ్యమంటే తీసెయ్యాలి. ఆ మూడో షరతు విని అప్పట్లో లోపల కొంచెం ముడుచుకున్నాను. ఇప్పుడైతే ఎవరు వెళ్తున్నా అది వాళ్ళు అడక్కముందే మీరే చెప్పండి అంటాను.

ఫిబ్రవరి నుంచి జూలై దాకా దీదీ దగ్గర రోజూ అరగంట థారూ నేర్చుకున్నాను. హైదరాబాద్ హిందీ కొంత పనికొచ్చింది, కొంత తప్పుదోవ పట్టించింది. నేపాలీలో దాయి అంటే అన్నయ్య. బస్సు కండక్టర్‌నీ కొట్టు అతన్నీ అలాగే పిలుస్తారు. థారూలో దాయి అంటే అమ్మ. ఈ ఒక్క మాట కలవకుండా నాలుక తిప్పుకోవడానికే వారం పట్టింది.

నేపాలీ ఫోక్‌లోర్ సొసైటీ అక్కడి గోపాలీలు అనే సముదాయం మీద చేసిన పని గురించి చదివినప్పుడు ఒక పద్ధతి నాకు బాగా నచ్చింది. పాట ఒక్కటే పట్టుకు రావడం కాదు, దాని చుట్టూ ఉన్న ఇల్లు, వంట, వావివరసలు అన్నీ రాసుకోవాలి. అందుకే వెళ్ళేముందు నోటుబుక్కులో పేజీకో ప్రశ్న రాసుకున్నాను. ఎవరు ఉపవాసం ఉంటారు, ఎందుకు, బొమ్మ ఎవరు వేస్తారు, రంగులెక్కడివి, మిగిలిన ప్రసాదం ఎవరికి పోతుంది. ఆ రాత్రి గందరగోళంలో నన్ను నిలబెట్టినవి ఆ పేజీలే.

డబ్బు సంగతి. ఒక భారత రూపాయికి 1.60 నేపాలీ రూపాయలు, ఎప్పుడూ అదే లెక్క. అయితే నేను వెళ్ళినప్పుడు అక్కడ మన నోట్లలో వంద దాకానే చెల్లేవి. రెండు కట్టల వంద నోట్ల కోసం బ్యాంకు చుట్టూ మూడు రోజులు తిరిగాను. ఊళ్ళలో కొట్ల ముందు ఫోన్‌పే అని బోర్డు కనిపిస్తే మనదే అనుకుంటాం. అది అక్కడి వేరే కంపెనీ. 2024 మార్చి నుంచి దాని క్యూఆర్ మీద మన యూపీఐ కూడా పని చేస్తోంది, ఘోరాహీ బజార్లో రెండుసార్లు నాకు పని చేసింది. ఊరి లోపలికి వెళ్ళాక మాత్రం నోట్లే గతి. వీసా అక్కర్లేదు. గుర్తింపు కోసం పాస్‌పోర్టు పట్టుకెళ్ళాను, ఓటరు కార్డయినా సరిపోతుంది.

ఆగస్టు 19, రాఖీ పున్నమి నాడు సికింద్రాబాద్‌లో రైలెక్కాను. గోరఖ్‌పూర్ చేరేసరికి ముప్పై గంటలు దాటింది. రాత్రికి అక్కడే లాడ్జి. 21 పొద్దున షేర్ జీపులో సునౌలీ, సరిహద్దు గేటు దాటి నడక, భైరహవా, బుట్వల్, అక్కణ్ణుంచి మహేంద్ర హైవే మీద భాలుబాంగ్ మీదుగా లమహీ. లమహీ దగ్గర హైవే వదిలి కొండ ఎక్కి దిగితే దాంగ్ లోయ. ఒక పక్క చురియా కొండలు, ఇంకో పక్క మహాభారత శ్రేణి, మధ్యలో పచ్చగా వరి. చినుకులు పడుతున్నాయి. ఘోరాహీలో దీదీ తమ్ముడు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముఖం అచ్చం అక్కదే.

ఊరి అనుమతి ఉంటే చాలనుకున్నాను. కానీ కెమెరా, రికార్డర్ పట్టుకుని బయటిదేశం మనిషి తిరుగుతుంటే రేపు ఎవరైనా అడగొచ్చు కనుక వార్డు ఆఫీసు నుంచి సిఫారిస్ కాగితం తీసుకొమ్మన్నాడు మటావా. 22 గురువారం వెళ్తే సంతకం పెట్టాల్సినాయన మీటింగులో ఉన్నాడు. శుక్రవారం వెళ్ళేసరికి ఆఫీసు మూసేస్తున్నారు, అప్పుడు అక్కడ శుక్రవారం తొందరగా కట్టేసేవాళ్ళు. శనివారం సెలవు. ఆదివారం కూడా సెలవేమోనని, సోమవారమే పండగని రాత్రంతా నిద్ర పట్టలేదు. తీరా చూస్తే అప్పట్లో అక్కడ ఆదివారం పనిదినమే. 25 ఉదయం 11 గంటలకు కాగితం చేతికొచ్చింది. ఆ కాగితాన్ని తర్వాత ఎవరూ అడగలేదు. అయినా తెచ్చుకున్నందుకు మటావా ముఖంలో కనిపించిన నిశ్చింత చూశాక ఆ మూడు రోజులూ దండగనిపించలేదు.

మనకు శ్రావణ బహుళ అష్టమి, వాళ్ళ లెక్కలో భాద్రపద కృష్ణ అష్టమి. రోజు ఒక్కటే. వాళ్ళ క్యాలెండర్లో 2081 భాద్ర 10, మనకు 2024 ఆగస్టు 26.

ఆ రోజు కోడి కూయకముందే లేపి అన్నం పెట్టారు. ఉపవాసానికి ముందు తినే ఆ తిండిని దర్ అంటారు. కోడి కూశాక ఇక మంచినీళ్ళు కూడా ముట్టరని ఆ ఇంటావిడ చెప్పింది. మధ్యాహ్నం మటావా ఇంట్లో బొమ్మ మొదలైంది. థారూ ఇంట్లో గదులకు అడ్డుగోడల్లా దేహరీలు ఉంటాయి. మట్టీ ఊకా కలిపి చేసిన ధాన్యం గరిసెలవి, నా ఎత్తున ఉన్నాయి. వాటి పక్క గోడను తెల్లమట్టితో అలికి ఆరబెట్టారు. ఇరవై ఏళ్ళ కుర్రాడు, వాడూ ఉపవాసమే, పుల్ల చివర నలగ్గొట్టి కుంచె చేసుకున్నాడు. ముందు చుట్టూ చట్రం గీశాడు. తర్వాత పైన ఒక మూల సూర్యుడు, ఇంకో మూల చంద్రుడు. పై వరసలో పాండవులు, కింద ఆడవాళ్ళ వరస. కదంబ చెట్టు మీద కాన్హా, అంటే కన్నయ్య. అడుగున పడవ, చేప, పీత, తాబేలు, ఏనుగు, గుర్రం. పక్కన చాలా తలలతో రావణుడు. కృష్ణుడి పుట్టినరోజు బొమ్మలో రావణుడెందుకని అడిగితే, "లోకంలో వాడు కూడా ఉన్నాడు కదా" అన్నాడు కుర్రాడు తల తిప్పకుండా.

రంగులు బజారువే. పక్కన కూర్చున్న ముసలమ్మకు అది నచ్చలేదు. తన చిన్నప్పుడు చిక్కుడాకు పసరుతో ఆకుపచ్చ, దీపం మసితో నలుపు, బచ్చలి పండ్లు పిండి ఊదారంగు తీసేవాళ్ళమని చెప్పి, లేచి వెళ్ళి పెరట్లోంచి గుప్పెడు బచ్చలి పండ్లు తెచ్చి నా అరచేతిలో నలిపింది. చిన్నప్పుడు మా అమ్మమ్మ వాళ్ళ దొడ్లో అవే పండ్లతో గోళ్ళకు రంగు వేసుకునేవాళ్ళం. చెయ్యి చూసుకుంటూ కాసేపు అలాగే ఉండిపోయాను. రెండు రోజులదాకా మరక పోలేదు. ఆ మధ్యాహ్నం మొత్తం కెమెరా కంటే నోటుబుక్కే ఎక్కువ పని చేసింది. ఏ బొమ్మ తర్వాత ఏ బొమ్మ వేశాడో నంబర్లు వేసి రాసుకున్నాను. రాత్రి పాట ఎక్కడుందో అర్థం కాక తప్పిపోయినప్పుడల్లా ఆ నంబర్లే దారి చూపించాయి.

సాయంత్రం ఏడింటికి ఆడవాళ్ళు వచ్చారు. ఒక్కొక్కరి చేతిలో పళ్ళెం, అందులో బియ్యం, దోసకాయ, జామపండు, దీపం. వరసగా వెళ్ళి గోడమీది బొమ్మలకు సిందూరం పెట్టారు. నన్నూ పెట్టమన్నారు. తర్వాత పాట మొదలైంది. ముందు నీళ్ళు పుట్టాయి, నేల పుట్టింది, దర్భ పుట్టింది అంటూ సృష్టి నుంచి ఎత్తుకుంటారు. కృష్ణుడి దగ్గరకు వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది.

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడ చెప్పాలి. పాట ఎత్తేవాళ్ళు మోర్హిన్యాలు, అందుకునేవాళ్ళు పఛ్‌గిన్యాలు. మైకు ఎత్తేవాళ్ళ ముందు పెట్టాను, గొంతు బాగా వస్తుందని. మొదటి విరామంలో హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటే అందుకునే గొంతులు ఎక్కడో పక్కింట్లో పాడుతున్నట్టున్నాయి. దాదాపు రెండు గంటల రికార్డు. కూలబడ్డాను. అప్పుడు వెనక వరసలో కూర్చున్న పెద్దావిడ, "మేము సగం పాట కాదా?" అంది. కోపంగా కాదు, నిజంగా అడిగింది. మటావా కొడుకు దూలానికి తాడు కట్టి, రెండు వరసలకూ మధ్యలో మనిషి తల కంటే మూరెడు ఎత్తున మైకు వేలాడదీశాడు. అక్కణ్ణుంచి పాట పాటలా వచ్చింది. బృందగానం రికార్డు చేసేవాళ్ళు మొదట పది నిమిషాలు రికార్డు చేసి, ఆపి, వినండి. మొహమాటపడకండి.

ఒంటిగంటకు వాన ఎత్తుకుంది. వసారాకు రేకులు. వాళ్ళు ఆపలేదు, నేనూ ఆపలేదు. ఆ ముప్పావుగంటలో పాట కంటే వానే ఎక్కువ వినిపిస్తుంది. అది అలాగే ఉంచాను, ఆ రాత్రి వాన కూడా ఉంది మరి.

కరెంటు రెండుసార్లు పోయింది. రికార్డరుకు బ్యాటరీలు మూడు జతలు తీసుకెళ్ళాను, మూడూ అయిపోయాయి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో గంటకు ఒక జీబీ దాకా అవుతుంది, కార్డుకు లోటు రాలేదు. ఇబ్బంది ఇంకో వైపు నుంచి వచ్చింది. నేపాల్ గడియారం మనకంటే 15 నిమిషాలు ముందుంటుంది. రికార్డర్ అక్కడి టైముకు మార్చాను, కెమెరా మార్చడం మర్చిపోయాను. ఇంటికొచ్చాక వీడియో, ఆడియో కలుపుదామంటే ఎక్కడికక్కడ పావుగంట పాట కనబడకుండా పోయింది! రెండు రోజులు గుండె చేతిలో పెట్టుకుని వెతికాను. బయల్దేరేముందే రెండు గడియారాలూ ఒకటి చేసుకోండి, ప్రతి ఫైలు మొదట్లో కెమెరా ముందు ఒక చప్పట కొట్టండి.

27 తెల్లవారుజామున అందరూ పళ్ళేలు, దీపాలు తీసుకుని ఏటికి బయల్దేరారు. నేను రికార్డర్ సంచిలో పెట్టేసి, నాకిచ్చిన దీపం పట్టుకుని వాళ్ళ వెనకే నడిచాను. నీళ్ళలో వదిలి, స్నానం చేసి, తిరిగొచ్చి తినేముందు అందరూ కొంత వాటా పక్కన తీశారు. దాన్ని అగ్రాసన్ అంటారు, తోబుట్టువులకు పంపుతారు. దీదీ వాళ్ళ అత్త, అంటే మేనత్త, ఒక ఆకు దొన్నెలో పళ్ళూ అటుకులూ కట్టి నా చేతిలో పెట్టింది. "హైదరాబాద్‌లో మా పిల్లకు ఇవ్వు" అంది. పళ్ళు నాలుగు రోజులు నిలవవని తనకీ తెలుసు, నాకూ తెలుసు. అటుకులు మాత్రం చేర్చాను.

ఆ రోజు మధ్యాహ్నం అందర్నీ కూర్చోబెట్టి రికార్డు వినిపించాను. ఒకావిడ మెల్లగా దగ్గరికొచ్చి, రెండు పాటల మధ్య తన చిన్నతనం గురించి పక్కావిడతో చెప్పుకున్న మాటలు తీసెయ్యమంది. మైకు ఆన్‌లో ఉందని మర్చిపోయిందట. ఆవిడ ముందే తుడిచేశాను, కాపీ కూడా ఉంచుకోలేదు. ఆ మాటలు ఇక్కడా రాయను. మూడో షరతు ఎందుకు పెట్టారో నాకు అప్పుడు అర్థమైంది.

పాడినవాళ్ళు పదహారుమంది. మనిషికింత ఇస్తానంటే ఒప్పుకోలేదు. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుని, అందరికీ కలిపి ఇస్తే కొత్త తివాచీ, మాదల్ అనే డోలుకు కొత్త చర్మం వేయించుకుంటామన్నారు. దశైంకు, అంటే దసరాకు ముందు జరిగే సఖియా నాచ్‌కు మాదల్ కావాలట. 8,000 నేపాలీ రూపాయలు, మన 5,000 ఇచ్చాను. ఆ నెల్లోనే మగవాళ్ళు భీముడి పేర ఉపవాసం ఉండే అట్వారీ ఉంది, ఉండిపొమ్మన్నారు. నాకు సెలవు లేదు. సెప్టెంబర్ 2న బయల్దేరాను.

అసలు పని ఇంటి దగ్గర మొదలైంది. 6 గంటల 40 నిమిషాల పాట. ఎలాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ముక్కలు చేసుకుని, సెల్లార్‌లో వాచ్‌మన్ గదిలో దీదీ పక్కన కూర్చుని ఒక్కో పాదం రాసుకున్నాం. మొదటి రోజు ఆవిడకు హెడ్‌ఫోన్ పెట్టి ప్లే నొక్కాను. నాలుగు సెకన్లు. "అత్త" అంది. తర్వాత రికార్డు కంటే ముందే తర్వాతి పాదం పాడేసింది. పొయ్యి మీద పప్పు మాడుతున్నా లేవలేదు.

64 సార్లు కూర్చున్నాం, ఒక్కోసారి రెండు గంటలు. అంటే గంట పాటకు 19 గంటలు పట్టింది. 2025 మార్చిలో ముగిసింది. ముందు నేను లెక్కలో వేసుకోనిది ఇదే. దీదీకి సిట్టింగుకు 250 చొప్పున 16,000 ఇచ్చాను. మొదట తీసుకోనంది. నేను నేర్పించుకుంటున్నాను, నువ్వు పని చేస్తున్నావు అని గట్టిగా చెప్పాకే తీసుకుంది. ప్రయాణం, బస 17,500. కార్డులు, ఫొటోలు 6,200. ఊరికిచ్చిన 5,000 కలిపితే మొత్తం 44,700.

కాపీల సంగతిలో నా అంచనా తప్పింది. పెన్‌డ్రైవ్‌లు కొందామనుకున్నాను. కంప్యూటర్ ఎవరింట్లో ఉంది? దీదీ తమ్ముడు చెప్పాక ఫోన్లలో పెట్టుకునే చిన్న మెమరీ కార్డుల్లో ఎంపీ3 చేసి పంపాను. 2025 మాఘీకి దీదీయే తీసుకెళ్ళింది, ఐదేళ్ళకు పుట్టింటికి. వాళ్ళు పాటకంటే ముందు అడిగింది ఫొటోలు. అరవై ప్రింట్లు వేయించాను, చాల్లేదు. గోడ బొమ్మ ఫొటోలో వేసిన కుర్రాడు సంతకం పెట్టి ఒకటి నాకు తిరిగి పంపాడు.

రాసిన పాఠం మీద దీదీ అత్త ఫోన్‌లో ఇంకా దిద్దుబాట్లు చెప్తూనే ఉంది. పీత వచ్చే చోట ఒక మాట మా ఇద్దరికీ అర్థం కాలేదు. ఆవిడకూ అర్థం తెలియదట, వాళ్ళమ్మ అలా పాడేదట. పైన ఊళ్ళో ఒక ముసలావిడ ఉంది, అడుగుతానంది. ఆ మాట పక్కన ఖాళీ వదిలి ఉంచాం.